వేలికి తెలియని గాడి

మా బావ హాల్వర్ తూటాలు నింపుకునే తన షెడ్డులోకి నన్ను రానివ్వడానికి ముప్పై ఏళ్లు పట్టింది. తప్పు నా నోటిదే. ఏది కనిపించినా ఎందుకు, ఎలా, ఎప్పట్నుంచి అని అడక్కపోతే నాకు తిన్నది అరగదు. "దాన్ని లోపలికి పిలిచావంటే తూటాల్లో మందుకి బదులు దాని ప్రశ్నలే కూరుకోవాలి" అని మా అక్క తోరా ఆయన్ని హెచ్చరిస్తూ ఉండేది. అక్క కిందటేడు జనవరిలో పోయింది. ఈ అక్టోబరులో బావ తనంతట తనే ఫోన్ చేశాడు.

"ఏమే రొవీనా, నీ కళ్లు ఇంకా పనిచేస్తున్నాయా?"

"నీ మొహం మీద ముడతలు లెక్కపెట్టేంత పనిచేస్తున్నాయి బావా. ఎందుకూ?"

"అయితే రా. శనివారం వేట మొదలు."

మా లోయలో వేట మొదలయ్యే ముందు ఆదివారం అందరూ గుట్ట వెనక గురి చూసే రేంజిలో రైఫిళ్లు సరిచూసుకుంటారు. తూటాలు పేలాక మిగిలిన ఇత్తడి గొట్టాలు బావకోసం బకెట్లో వేసిపోతారు. మళ్లీ మందు నింపి వాడుకోవడంలో ఈయన చెయ్యి గట్టిదని పేరు. కొట్లో కొన్న తూటా నలభై ఏళ్లలో ఒక్కటీ పేల్చలేదు. కొన్న తూటాతో ఎల్క్ దుప్పిని కొట్టేవాడు కొన్న రొట్టె తినేవాడితో సమానమంటాడు. ఆయన రోజూ తినేది కొన్న రొట్టే, అది వేరే సంగతి.

నేను వెళ్లేసరికి గొట్టాలు తోమే మెషీను గడగడలాడుతోంది. దాని గిన్నెలో అక్రోటు పెంకుల పొడి, అందులో గొట్టాలు. గంటసేపు ఆ పొడిలో దొర్లాక మసి వదిలి కొత్త పెళ్లికూతుళ్లలా బయటికొచ్చాయి. బావ వాటిని జల్లెడలో పోసి పొడి దులిపాడు. చూద్దును కదా, అది అక్క నూడిల్స్ వార్చే చిల్లుల గిన్నె!

"ఇది పోయిందని అక్క నా మీద అనుమానపడింది బావా!"

"నేనూ నీ మీదే అనుమానపడ్డట్టు నటించాను" అన్నాడు సిగ్గులేకుండా.

నా పని కంటిపని. గొట్టం మూతి దగ్గర పగులుందా, అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే గీత ఉందా చూసి, అనుమానమున్నవి పక్కన పెట్టాలి. కంటిపని ఎంతసేపని చేస్తాను? బల్లమీద కొస వంచిన సన్నటి తీగ ఒకటి కనిపించింది.

"ఇదెందుకు?"

"మొదలుపెట్టావూ!" అని విసుక్కుంటూనే చెప్పాడు. పేల్చిన ప్రతిసారీ ఇత్తడి సాగుతుంది. సాగి సాగి అడుగు దగ్గర లోపలివైపు పలచబడి గాడి పడుతుంది. అలాంటిది మళ్లీ పేలిస్తే గొట్టం అక్కడే రెండుగా తెగి, నిప్పులాంటి గాలి మొహం మీదికి తన్నుకురావచ్చు. ఆ గాడి బయటినుంచి అన్నిసార్లూ కనిపించదు. తీగ లోపలికి దూర్చి, గోడ వెంబడి పైకి లాగితే కొస తట్టుకుంటుంది. వేలికి తెలుస్తుంది.

పాత గొట్టమొకటి ఇచ్చి చూడమన్నాడు. లాగాను. టక్కున తట్టుకుంది! ఎంత సంబరమేసిందో చెప్పలేను. ఇక ఆగుతానా? బావ తీగతో చూసి పాసుచేసిన ఈ ఏటి గొట్టాలున్న కాఫీ డబ్బా పక్కనే ఉంది. ఊరికే ఒకటి తీసి తీగ దూర్చాను.

టక్కు.

"బావా, ఇందులోనూ ఉందే."

ఆయన తీగ లాక్కుని నాలుగుసార్లు తిప్పి చూశాడు. "ఏం లేదు. నీ వేళ్లకి పైత్యం."

"అయితే కొయ్యి."

పంతానికి ఆ గొట్టాన్ని పట్టకారులో బిగించి హాక్సా రంపంతో నిలువునా కోశాడు. లోపల అడుగు దగ్గర గాడి. అక్కడ ఇత్తడి కాగితమంత పలచగా ఉంది. వందలో ఒకటి తప్పుతుందన్నాడు. ముప్పై చూసేసరికి పదకొండు తేలాయి.

శనివారం కోసమని ఈ డబ్బాలోంచే తీసి నింపిన నలభై తూటాలు పెట్టెలో ఉన్నాయి. మందు నింపాక తీగ పెట్టి చూడ్డానికి కుదరదు.

"కళ్లు మూసుకుని చెయ్యి ఇటివ్వు బావా. తీగ కొసతో గుచ్చగానే చెప్పు."

"గుచ్చు మరి. ఇంకా ఎంతసేపు?" అంటున్నాడు. ఆయన చూపుడువేలి మీద అప్పటికే రక్తపు చుక్క లేచింది. కళ్లు తెరిచి దాన్ని చూశాడు.

"షుగరుకి పాదాలు మొద్దుబారతాయన్నాడు డాక్టరు. వేళ్ల సంగతి చెప్పలేదు" అన్నాడు.

అరుస్తాడనుకున్నాను. వేట మానుకోమంటే నన్ను బయటికి గెంటుతాడనుకున్నాను. నలభై తూటాలున్న పెట్టెని పక్కకి నెట్టి, "ఇవన్నీ విప్పేద్దాం. కొట్లోవి కొనుక్కుంటాలే" అన్నాడు. ఆ మాట ఆయన నోటినుంచి వినాల్సొస్తుందని ఏనాడూ అనుకోలేదు. తర్వాత నేను అడగాల్సిన ప్రశ్న ఆయనే అడిగాడు.

"ఎప్పట్నుంచే?"

అరమీద ఏ ఏటి డబ్బా ఆ ఏటిదే, పైన ఏడాది రాసిన పట్టీతో ఉంది. ఏటా వాడగా మిగిలినవి అలా ఉండిపోయాయి. పోయినేటి డబ్బా దింపాడు. నాలుగోదానికే నా తీగ టక్కుమంది. దాని ముందటేడుది అందుకోబోయి ఆగిపోయాడు.

"ఇది మీ అక్క పోయే ముందర అక్టోబరులో చూసినవి. తర్వాత మూడు నెలలకే కదా పోయింది."

"అయితే?"

"ఆస్పత్రిలో ఆఖరి రోజు నువ్వు కాఫీకి వెళ్లావు చూడు, అప్పుడు మాట పడిపోయింది. వినిపిస్తే నా చెయ్యి నొక్కవే అన్నాను. నొక్కలేదు. మళ్లీ అడిగాను. నొక్కలేదే. ఆ ముందు వారం జ్వరంతో ఉంటే వదిలేసి గడ్డకట్టిన చెరువు మీద చేపలు పట్టడానికి పోయానుగా. ఆ కోపంతోనే పోయిందనుకున్నాను."

ఇన్నాళ్లూ దీన్ని మోస్తూ నాతో చిల్లుల గిన్నె జోకులేశాడా ఈ మనిషి! ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి నాకు. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. గాడి ఉన్నదొక్కటి ఇందులో దొరికితే చాలు, ఆయన వేళ్లు అప్పటికే మొద్దుబారాయన్నమాట. ఒకటి, రెండు, మూడు. నున్నగా జారుతోంది తీగ. ప్రతిదానికీ "లేదా?" అంటాడు. లేదంటాను. పదో గొట్టం దగ్గర, ఉందని అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. కానీ ఈయన కోసి చూడందే నమ్మడు. పదిహేను. పంతొమ్మిది. తీగ తుడుచుకుని మళ్లీ దూర్చాను.

ఇరవై రెండోది తట్టుకుంది. తిప్పి లాగాను. మళ్లీ తట్టుకుంది.

"ఉంది బావా."

నా చేతిలోంచి తీసుకుని కోశాడు. రెండు సగాలనీ కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ ఎంతసేపో చూశాడు. తర్వాత బకెట్టు బోర్లించి దానిమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నలభై ఏళ్లు ఆవులకి పాలు పితికిన చెయ్యి మీ అక్కది" అన్నాడు చివరికి. "గట్టిగానే నొక్కి ఉంటుందే."