వర్తించనిది కొట్టివేయండి

"కాగితాల సంగతి నాకొదిలెయ్, నువ్వు కూర మాడకుండా చూసుకో." మా ఆయన పార్థసారథి ఈ మాట నవ్వుతూనే అంటారు, పెళ్లయిన కొత్తలో నుంచీ. ఆ రోజూ అదే అని, నేను డబ్బాలు సర్దుకుంటుంటే నింపిన ఫారం తెచ్చి నా బ్యాగులో పెట్టారు.

ఈ నెలాఖరుకి నా రిటైర్మెంట్. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు చేశాను. ఆ తర్వాత కూడా వైద్యం సాగాలంటే పెన్షనర్ల ఆరోగ్య కార్డుకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయన రెండేళ్ల కిందట మాదాపూర్‌లో కంపెనీ ఉద్యోగం మానేశారు. దాంతోపాటే వాళ్ల ఇన్సూరెన్సూ పోయింది. ఇప్పుడు ఆయనకీ, ఎనభై నాలుగేళ్ల మా అత్తగారికీ నా కార్డే దిక్కు.

ఆ ఫారం ఇస్తే, మా సెక్షన్‌లో శ్రీలత నా పాత ఫైలు తీసింది.

"మేడం, ఆప్షన్ల అత్తమామలనే ఉంచాలె గదా?"

"ఆప్షనేంటి?"

"గదే మేడం. ఆడోళ్లు సొంత అమ్మానాన్నలనన్న రాసుకోవచ్చు, అత్తమామలనన్న రాసుకోవచ్చు. మీరు గిట్ల రాసిచ్చిన్రు, చూడుండ్రి."

ఇరవై రెండేళ్ల నాటి కాగితం. 'తల్లిదండ్రులు / అత్తమామలు: వర్తించనిది కొట్టివేయండి.' తల్లిదండ్రులు అన్న మాట మీద తిన్నగా ఒక నీలం గీత. కింద మా అత్తమామల పేర్లు, ఆయన చేతిరాతలో. చివర నా సంతకం.

ఆ సంతకం ఎప్పుడు పెట్టానో గుర్తు రాలేదు. ఏ పోపు మధ్యలోనో తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టి ఉంటాను. గుర్తొచ్చింది నాన్న. తెనాలిలో బట్టల షాపు గుమస్తాగా చేసి, ప్రగతి నగర్‌లో మా చెల్లెలు సంయుక్త ఇంటికొచ్చాక ఆయనకి గుండెజబ్బు బయటపడింది. "నీ కార్డు మీద కుదురుతుందేమో కనుక్కో అమ్మా" అని ఒక్కసారి అడిగాడు. ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను. టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "పెళ్లయిన ఆడవాళ్లకి పుట్టింటివాళ్లని రాసుకునే రూల్ లేదు భానూ. ఉంటే నేను రాయనా?" అన్నారు. నేను పనిచేసేది ప్రభుత్వ ఆఫీసులో. పక్క టేబుల్‌కి వెళ్లి ఒక్క మాట అడిగితే తెలిసేది. అడగలేదు. ఆయన మాటని నా నోటితో నాన్నకి చెప్పాను. "సరేలే తల్లీ" అన్నాడు. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ వంతు కోసం అయిదు నెలలు తిరిగి, వంతు రాకుండానే పోయాడు. ఆ ఏడే నా కార్డు మీద మా అత్తగారికి రెండు మోకాళ్లూ మార్పించాం. నేను ఇరవై ఒక్క రోజులు సెలవు పెట్టి బెడ్‌పాన్ ఎత్తాను.

"మార్చుకుంటరా మేడం? రిటైరయ్యేలోపు ఒక్కసారి మార్చుకోవచ్చు. అమ్మ మీతోనే ఉండాలె, మీ మీదనే ఆధారపడాలె. గంతే."

నార్సింగిలో మా ఫ్లాట్‌కి చేరేసరికి ఆయన కాఫీ కోసం ఎదురుచూస్తున్నారు. చెప్పులు విప్పకుండానే ఆ పాత కాగితం గురించి అడిగాను.

"అప్పట్లో మా కంపెనీలో అమ్మానాన్నల ప్రీమియం నా జీతంలో కోసేవాళ్లు. నీ కార్డులో వాళ్లని చేర్చడం తేలిక" అన్నారు.

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు మీవాళ్లని రాసేదానివి."

తప్పు చేసినవాడి గొంతు కాదది. ఇల్లు జాగ్రత్తగా నడిపినవాడి గొంతు. ముప్ఫై అయిదేళ్లు పక్కన పడుకున్న మనిషి నన్ను ఇంత బాగా తెలుసుకున్నాడనీ, ఆ తెలుసుకున్నదాన్ని ఇలా వాడుకున్నాడనీ అప్పుడర్థమైంది.

"ఇప్పుడు కదపకు భానూ. మీ అమ్మగారికి పెద్దాసుపత్రి అలవాటైపోయింది. మా అమ్మ తట్టుకోలేదు."

లోపలి గదిలో అత్తగారు దగ్గుతున్నారు. ఇందులో ఆవిడ తప్పేమీ లేదని నాకు తెలుసు. ఆవిడ మందులకి ఇబ్బంది వస్తుందనీ తెలుసు. కానీ ఇన్నేళ్లూ ఆ ఇబ్బంది మా అమ్మ పడుతుంటే ఈ ఇంట్లో ఎవరికీ కాఫీ చేదనిపించలేదు.

"అత్తయ్యకి ఏం చెయ్యాలో మీరు ఆలోచించండి" అన్నాను. "అమ్మని తీసుకొస్తున్నాను."

ఆదివారం ప్రగతి నగర్ వెళ్లాను. అమ్మ బాల్కనీలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"నాతో వచ్చెయ్యమ్మా. కార్డులో నీ పేరు రాయిస్తున్నాను."

"రూల్ మారిందా?"

అవునంటే సరిపోయేది. ఆయన పరువు దక్కేది. ఎప్పుడూ చేసే పనే.

"మారలేదమ్మా. మొదట్నించీ ఉంది. ఆయన నాకు చెప్పలేదు, నేను కనుక్కోలేదు."

అమ్మ చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది.

"రూలుందని మీ నాన్నకి తెలుసే. కింద పోర్షన్ ఆవిడ వాళ్లమ్మకి అలాగే చేయించింది."

"మరి మళ్లీ అడగలేదేం?"

"నీకే ఇష్టం లేదనుకున్నారు. అబద్ధం చెప్పడానికి పిల్ల ఎంత ఇబ్బందిపడిందో, ఇంక ఆ మాట ఎత్తకు అన్నారు."