మూరెడు దూరం

మార్చి ఎండలో మిరప కల్లం వాసన. ముక్కులోకి ముందు తియ్యగా వస్తుంది, తర్వాత ఘాటుగా దిగుతుంది, ఆ తర్వాత తుమ్మై బయటికి పోతుంది. నేలంతా ఎరుపు. గట్టు మీద నిలబడి చూస్తే కళ్ళ నిండా ఎరుపే.

ఆ ఎరుపు మధ్యలో ఒక తెల్లటి చుక్క.

కదిలే చుక్క... తోక ఊపే చుక్క.

దాని పేరు దూది. ప్రత్తిపాడు దగ్గర పత్తి చేలో, ముసురు పట్టిన రోజున, గుప్పెడంత కూనగా దొరికింది. పేరు పెట్టింది నాగజ్యోతి. రెండెకరాల మిరప, ఎకరం పత్తి, మొగుడు వీరబాబు, వీరబాబుకో ట్రాలీ ఆటో — ఇదీ ఆమె సంసారం. కూతురు శ్రీరమ్య గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కూతురు హాస్టల్‌కి వెళ్ళిన ఏడే కుక్కపిల్ల ఇంట్లోకి వచ్చింది. ఆ రెండింటికీ సంబంధమేమీ లేదని నాగజ్యోతి అంటుంది. సరే, లేదనే అనుకుందాం.

కల్లానికి దూదే కాపలా. ఒక్క కాయ తొక్కదు. అంత ఎరుపులోనూ ఎక్కడ కాలు పెట్టాలో దానికి తెలుసు. కాయ ఆరబోసిన పట్టాల అంచుల మీదుగా, పెళ్ళికూతురు పీటల దగ్గరికి నడిచినట్టు, అడుగు చూసి అడుగు వేస్తుంది. దాని నడక చూడ్డానికే నాగజ్యోతి పని ఆపేది.

ఆ మార్చిలో ఒక మధ్యాహ్నం అలాగే పని ఆపింది.

మిరప పని చేసేవాళ్ళ అరచేతికి మంట తెలియదు. ఏళ్ళ తరబడి కాయ కోసి, ఎండేసి, తాలు ఏరి, తొడిమ తీసిన చేయి అది. తెలియదు గానీ — మంట అక్కడే ఉంటుంది. సబ్బుకి పోదు. నీళ్ళకి అసలే పోదు. అందుకే కల్లాల రోజుల్లో అక్కడి తల్లులు పిల్లల ముఖాలు మోచేత్తో తుడుస్తారు. ఏడిస్తే మోచేతులతోనే దగ్గరికి తీసుకుంటారు. శ్రీరమ్యను నాగజ్యోతి అలాగే పెంచింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పొరపాటు పడలేదు.

దూది దగ్గర పడింది ఆ పొరపాటు.

దాని కంటి కొసన పిడుదు కనిపించింది. రక్తం తాగి మినపగింజంత ఉబ్బి ఉంది. అయ్యో నా తల్లీ అనుకుంది. పొద్దుటినుంచీ తొడిమలు తీసిన చేతులు కొంగుకి తుడుచుకుని, దవడ పట్టుకుని, గోళ్ళతో పిడుదును పీకేసింది. అంతటితో ఆగినా బాగుండేది. ప్రేమ ఆగలేదు. ఆ కన్నూ ఈ కన్నూ, ముక్కూ మూతీ, ముఖమంతా రెండు చేతులతో నిమిరింది.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత దూది అరిచింది.

ఆ అరుపులోనే ఆమె మణికట్టు దాని నోట్లోకి వచ్చింది. పళ్ళు చర్మానికి తగిలాయి. చురుక్కుమంది కూడా. కానీ దిగలేదు. కళ్ళు కాలిపోతున్నా, ఎవరు కాల్చారో తెలిసినా, అది ఆ చేతిని కొరకలేదు. వదిలేసి పరుగెత్తింది. ముఖాన్ని మట్టికి రాసుకుంటూ, పడుతూ లేస్తూ, పత్తి కట్టె కుప్ప దాటి కనబడకుండా పోయింది.

ఆ రోజంతా నాగజ్యోతి అన్నం ముట్టలేదు. ఏ చేత్తో తినాలో తెలియలేదు ఆమెకి.

మర్నాడు సాయంత్రం తిరిగొచ్చింది దూది. వాచిన కళ్ళతో వచ్చింది. పశువుల డాక్టరు మందు చుక్కలు వేసి చూపుకేమీ భయం లేదన్నాడు. నాలుగు రోజులకి వాపు తీసింది, వారానికి మొరగడం మొదలుపెట్టింది. ఆమె వెంటే తిరిగింది. చేనికీ ఇంటికీ, కిరాణా కొట్టుకీ, ఎప్పటిలాగే.

కానీ మూరెడు దూరంలో.

చేయి చాపితే — సరిగ్గా అందనంత దూరం. ఆమె ఒకడుగు ముందుకేస్తే అది ఒకడుగు వెనక్కి. కోపం లేదు. గుర్రుమనడం లేదు. ఆ కళ్ళలో ఎప్పటి ప్రేమ అప్పటిలాగే ఉంది. చేయి ఒక్కటే దానికి వద్దు.

నువ్వుల నూనె రాసుకుంది. పుల్ల మజ్జిగలో చేతులు నానబెట్టుకుంది. పక్కింటి వెంకటరావమ్మ చెప్పిందని బూడిదతో, చింతపండుతో, చర్మం లేచేలా తోమింది. కాయ అమ్ముడుపోయింది. కల్లం ఊడ్చేశారు. ఒక రోజు దొడ్లో నిలబడి, ధైర్యం చేసి, తన కన్ను తనే వేలితో నలుపుకుని చూసుకుంది.

మండలేదు.

మండలేదు కానీ నీళ్ళొచ్చాయి. చేయి చల్లబడిందని తనకి తెలుసు. దూదికి ఎవరు చెబుతారు?

అప్పుడు తట్టింది ఆమెకి. ఈ ఊళ్ళో గాలే మిరపకాయ. గోడలు మిరపకాయ. తాగే నీళ్ళ బిందె మీద కూడా ఆ ఘాటే. ఇక్కడ ఎంత కడిగితే ఏం లాభం? వేరే నీళ్ళు కావాలి. వేరే గాలి కావాలి.

పంట అయిపోయాక వీరబాబు ఆటో బాడుగలకి తిప్పుతాడు. తను కూడా వస్తానంది. ఎందుకని అడిగితే చెప్పింది. అతను నవ్వలేదు, అది అతనిలో మంచితనం. తల గోక్కుని ఒక్క మాటన్నాడు.

"మంట నీ చేతుల్లో లేదే జ్యోతీ. దానికి గుర్తుండిపోయింది. గుర్తుని ఏ నీళ్ళతో కడుగుతావు?"

ఆమె ట్రాలీ తలుపు దించింది. దూది ఒక్క గెంతుతో ఎక్కి కూర్చుంది.

కుక్కని తీర్థయాత్రలకి తిప్పుతోందని వీధి వీధంతా వేళాకోళం చేసింది. చేసుకోనీ అనుకుంది నాగజ్యోతి.

మొదట దర్శి వైపు.

మే నెల. దాణా బస్తాలు దించేశాక, రోడ్డు పక్క ఒక చెరువు. చెరువంటే చెరువు కాదు, సగం ఎండిన పళ్ళెం. చుట్టూ పగిలిన ఒండ్రు, నడిమధ్య మెరిసే నీళ్ళు, ఆ నీళ్ళ అంచున కొంగలు. దూది అన్ని నీళ్ళు ఎన్నడూ చూడలేదు. చూసి ఆగింది. ఒక కాలు పెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత ఇంకేముంది... కడుపు దాకా, మెడ దాకా, తల ఒక్కటే పైకి పెట్టి ఈత కొట్టుకుంటూ పోయింది. ఈత దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. కొంగలు లేచి, ఒక చుట్టు తిరిగి, దీనితో మనకేం గొడవలే అన్నట్టు మళ్ళీ అక్కడే వాలాయి.

ఎంత బాగుందో అది! నాగజ్యోతి ఒడ్డునే నిలబడి చూసింది. తను పెంచినది ఇంత గొప్పదని ఆ రోజు దాకా తెలియదు ఆమెకి.

మోచేతుల దాకా ఒండ్రు పూసుకుని కడుక్కుంది. చేయి చాపింది.

దూది ఒళ్ళు విదిలించి ఆమె చీరంతా తడిపేసింది. మూరెడు దూరంలో కూర్చుంది.

శ్రావణంలో కొండవీడు.

పుట్టినప్పటినుంచీ ఆ కొండని దూరంనుంచి చూస్తూనే ఉంది నాగజ్యోతి. నీలంగా, మబ్బులాగా. ఎక్కింది లేదు. ఆడమనిషి ఒక్కతే కొండెక్కితే ఎందుకమ్మా అని ఎవరో ఒకరు అడుగుతారు. కుక్కని తిప్పడానికి అంటే ఎవరూ మారు మాట్లాడరు. వీరబాబు కింద ఆటోలో కునుకు తీస్తుంటే, వాళ్ళిద్దరూ పాత రాతి మెట్ల దారి పట్టారు.

వాన వెలిసిన పూట. రాళ్ళ సందుల్లో పచ్చిక, దారికటూ ఇటూ సీతాఫలం పొదలు, ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. దూది ముందు. ఆమె వెనక. మలుపు మలుపులో అది ఆగేది. వెనక్కి తిరిగి చూసేది. ఆమె కనబడగానే మళ్ళీ కదిలేది. ఒక్క మలుపులో కూడా ఆగకుండా పోలేదు.

నాచు పట్టిన మెట్టు మీద కాలు జారింది. కూలబడింది. మోకాలు చీరుకుపోయింది.

దూది పైనుంచి బాణంలా వచ్చింది. చీర కుచ్చెళ్ళ అంచు పళ్ళతో పట్టుకుంది. లాగలేదు, పీకలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది, ఆమె లేచేదాకా. ఆ తెల్లటి తల అంత దగ్గరగా... ఆగలేక చేయి ఎత్తింది.

అంచు వదిలేసింది. మూరెడు వెనక్కి జరిగింది.

పైన, కొండ మీది చెరువులో చేతులు ముంచుకుని చాలాసేపు కూర్చుంది నాగజ్యోతి. కిందంతా తమ నేల. నల్లరేగడి, కొత్తగా నాటిన మిరప చాళ్ళు, పత్తి పచ్చదనం, దారాల్లా కాలవలు. అంత దూరంనుంచి ఘాటు లేదు. మిరప కూడా అందంగానే ఉంది. పక్కన దూది కూడా అదే చూస్తోంది, చెవులు నిక్కబొడుచుకుని. పిలవకుండానే ఇంతదూరం తోడొచ్చింది. అడగకుండానే కాపలా కాస్తోంది. ముట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ ఒక్కటీ తక్కువేనని ఆమె తనకి తనే ఒప్పుకుంది. ఒప్పుకుని ఏడ్చింది.

కార్తీకంలో వాడరేవు.

చేలో కాయ పండుకొస్తోంది. ఇంకో నెలలో తొలి కోత. కోత మొదలైతే మళ్ళీ ఏప్రిల్ దాకా ఆ చేతులు చేతులు కావు. ఇవాళ కాకపోతే ఇంక ఇప్పట్లో లేదు. ఆ సంగతి తెలిసే వచ్చింది.

సముద్రాన్ని చూసి దూది మొరగలేదు. వచ్చిన ప్రతి కెరటాన్నీ పేరు పెట్టి పలకరించినట్టు ఎదురెళ్ళింది, వెనక్కొచ్చింది. మళ్ళీ ఎదురెళ్ళింది. తడిసిన ఇసుకలో దాని అడుగులు వరసగా పడుతున్నాయి... చెరిగిపోతున్నాయి... పడుతున్నాయి. పడవల దగ్గర వలలు సర్దుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. నాగజ్యోతి ఉప్పునీళ్ళలో నడుము దాకా దిగి చేతులు కడిగింది. ఇసుకతో తోమి కడిగింది.

ఒడ్డున ఒకామె చేపలు ఎండేస్తోంది. దూది నేరుగా ఆమె దగ్గరికి పోయింది. ఆమె పని ఆపకుండానే ఒక చేయి అలా వదిలేసింది.

దూది ఆ చేతిని నాకింది.

వేళ్ళూ, వేళ్ళ సందులూ, అరచేయీ... తీరిగ్గా నాకింది. ముక్కూ మొహమూ తెలియని మనిషి చేతిని.

నాగజ్యోతి కుళ్ళుకుంది. కుళ్ళు అంటే కుళ్ళే, దాచడమెందుకు. దగ్గరికెళ్ళి నిలబడింది. మాట కలిసింది, జరిగిందంతా చెప్పేసింది. ఆ చేపలామె జాలిపడి, ఎండుతున్న వాటిల్లోంచి ఒక చేప తీసి ఇచ్చింది.

"చేతులకి బాగా రుద్దుకో తల్లీ. ఎందుకు రాదో చూద్దాం."

చేప అరచేతిలో ఉంది. దూది చూస్తోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. రుద్దుకుంటే చాలు. ఎనిమిది నెలలనుంచీ ఎదురుచూస్తున్నది ఒక్క నిమిషంలో అయిపోతుంది.

రుద్దుకోలేదు.

"చేపని నాకుద్దమ్మా. నన్ను కాదుగా," అంది నాగజ్యోతి. చేపని దూది ముందు ఇసుక మీద పెట్టి, మళ్ళీ వెళ్ళి చేతులు కడుక్కుంది. మోసం చేసి ముట్టుకోవడం ఆమెకి చేతకాలేదు. కొరకగలిగి కొరకని జీవి అది. దాన్ని మోసం చేయడమా?

కెరటాలు అందీ అందనట్టు వచ్చే చోట కూర్చుంది. కాళ్ళు పక్కకి మడుచుకుంది. చేతులు రెండూ పక్కన ఇసుకలో ఊరికే వదిలేసింది. ఇంక దేనికోసమూ చాపలేదు. సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

ఎంతసేపో తెలియదు.

ముందు తడి ముక్కు తగిలింది... పాదానికి. మడమ, మడమ వెనక, కాలి వేళ్ళు. వాసన చూసింది, ఆగింది, మళ్ళీ చూసింది. తర్వాత నిట్టూర్చినట్టు ఒక ఊపిరి వదిలి, మొత్తం బరువుతో తల ఆమె చీలమండ మీద ఆనించి, కళ్ళు మూసుకుంది.

ఆ కళ్ళే. ఆమె కాల్చిన కళ్ళు.

రోడ్డు మీదనుంచి వీరబాబు హారన్ కొట్టాడు. పొద్దు వాలుతోంది, చీరాల దాటి ఇంకా చాలా దూరం పోవాలి. రెండోసారి కొట్టాడు. తర్వాత ఏం చూశాడో ఏమో, కొట్టడం ఆపేశాడు.

ఆమె కుడిచేయి అక్కడే ఉంది, ఇసుకలో. ఆ చేతికీ ఆ తెల్లటి తలకీ మధ్య మూరెడు కూడా లేదు. చాపితే అందుతుంది.

ఆమె చాపలేదు.

కెరటం వచ్చి ఇద్దరినీ తడిపి వెళ్ళింది. దూది కళ్ళు తెరవలేదు. కాలు తిమ్మిరెక్కుతోంది. నాగజ్యోతి కదల్లేదు.