పోలమ్మ పళ్ళు

మా తమ్ముడు మోహన ఆర్నెల్లలో పద్దెనిమిది కిలోలు తగ్గాడు. విడవని జ్వరం, పక్క తడిపేసే చెమట, ఎంతకీ కట్టని విరేచనాలు. మలంచా బజారులో ఇద్దరు డాక్టర్లు సంచులకొద్దీ మందులు రాశారు. రక్తం చూద్దామని ఒక్కడికీ తోచలేదు.

ఆ ఉదయం పూరీ గేట్ రైల్వే క్వార్టర్స్ కుళాయి దగ్గర వాడు గోడ పట్టుకుని నిలబడితే, పక్కింటి పోలమ్మ ఎగాదిగా చూసింది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో ఆయాగా చేసిన ముసలిది.

"నోట్లో తెల్లగా పూత పట్టిందేట్రా? మింగితే మంటా?"

మోహన తలూపాడు.

"సెయ్యి అలాగ ఎడంగా ఎట్టినావు, డొక్కల మీద అక్కి లేసిందా?"

లేచింది. పక్కటెముకల వెంట పట్టీలా ఎర్రటి పొక్కులు. కానీ వాడి చొక్కా గుండీలన్నీ పెట్టే ఉన్నాయి. చూడకుండానే దీనికెలా తెలిసింది?

"హరీ, ఈడికి హెచ్ఐవీ టెస్టు సేయించు. ఇయ్యాలే ఎల్లు. ఇలాటోల్లని సానామందిని సూసినాను."

ఆ మాట నా చెవికెక్కలేదు. పెట్టింది కాబట్టే దీనికి తెలుసు అనుకున్నాను. చిల్లంగి! మా తాతలు శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ ఊరికి రైల్వే వర్క్‌షాపు పనికొస్తూ ట్రంకు పెట్టెలతో పాటు ఈ చేతబడి నమ్మకాన్నీ మోసుకొచ్చారు. చిల్లంగి పెట్టినవాళ్ళ ముందుపళ్ళు పీకేస్తే మంత్రం నోట పలకదు, రోగి లేచి కూర్చుంటాడు. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు ఈ చదువు మాత్రం బాగా వంటబట్టింది.

డ్యూటీ సంచిలోంచి ప్లయరు తీశాను. ముసలిదాన్ని జుట్టు పట్టి నేలకేసి కొట్టాను. నా పెళ్ళాం నూకాలమ్మ దాని చేతులు వెనక్కి విరిచి పట్టుకుంది.

"తియ్యే ముండా! పెట్టింది తియ్యి!"

"నానేటి ఎట్టినాన్రా? నా మాటిను..."

గుండె మీద మోకాలు ఆనించాను. మొదటి పన్ను విరిగింది, వేరు రాలేదు. రెండోది చిగురుతో సహా ఊడింది. మూడోదానికి నా వేలు కరిచింది, ఎముక దాకా. మూతి మీద గుద్దాను. నాలుగోది ఎటు పడిందో తెలీదు. చుట్టూ ఇరవై మంది. బిందెలు నిండి పొర్లుతున్నాయి. "ఛేడే దావ్ దాదా!" అని ఒక బెంగాలీవాడు విడిచిపెట్టమని అరిచాడు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు.

"అన్నా, వదిలెయ్!" అంటూ మోహన నా వీపు మీద పడ్డాడు. పడినట్టే లేదు. తడి చొక్కా పడినంత బరువు కూడా లేదు. నా చెయ్యి అక్కడ ఆగింది.

పోలమ్మ రక్తం ఉమ్మింది.

"నా రత్తం నీ గాయానికంటింది. బయంగున్నాదేట్రా? అయితే ఇద్దరూ ఎల్లి టెస్టు సేయించుకోండి. డబ్బులడగరు. ఎవలికీ సెప్పరు."

ఆ భయమే నన్ను తోలింది. చిల్లంగి రక్తం నా ఒంట్లోకి ఎక్కేసిందనుకుని, తమ్ముణ్ణి ఆటోలో వేసుకుని సర్కారు ఆస్పత్రికి పోయాను. ఇద్దరికీ పరీక్ష చేశారు. నాకు లేదన్నారు, మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. మోహనకు ఉందన్నారు.

"మందులు మానకపోతే మళ్ళీ పనికి కూడా వెళ్తాడు దాదా," అంది అక్కడి నర్సు దీదీ హిందీలో. "ఇంకో నెల ఆగితే చెయ్యి దాటిపోయేది. ఎవరు పంపారు మిమ్మల్ని?"

నేను వేలి కట్టు చూసుకున్నాను.

"పక్కింటి మామ్మ," అన్నాడు మోహన.

గాయాలు మానాక పోలమ్మ కేసు పెట్టింది. పోలీసు జీపు వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని గంజి తాగుతోంది. ఇతనేనా అని దారోగా అడిగితే నా వైపు వేలు చూపించింది. నేనే అన్నాను. నూకాలమ్మ ఏడుస్తూ ముందే జీపెక్కింది.

నేనూ ఎక్కబోతుంటే పోలమ్మ పిలిచింది. పెదాలు లోపలికి పోయి, మాట గాలిగాలిగా వస్తోంది.

"హరీ, ఆడు మాత్ర రోజూ ఒకే టయానికి ఏసుకుంతన్నాడా?"

"నేనే ఇస్తన్నాను."

"నువ్వింక ఉండవు కదా. ఎన్ని గంటలకో సెప్పి ఎల్లు."

"రాత్రి తొమ్మిదికి."

తలూపి, మళ్ళీ గంజి గిన్నె ఎత్తుకుంది.