తప్పు వైపు నలుపు

మా ఫైఫ్ తీరంలో వంశచిహ్నం ఉన్న మనిషి పోతే, ఆ చిహ్నాన్ని చెక్కపలక మీద గీసి ఏడాదిపాటు గుమ్మం పైన వేలాడదీస్తారు. భర్త పోయి భార్య మిగిలితే అతని సగం వెనక నలుపు, ఆమె సగం వెనక తెలుపు. చిహ్నం డాలు ఆకారంలో ఉంటుంది, అందులో కుడి సగం భర్తది, ఎడమ సగం భార్యది; డాలుకి కుడి అంటే పట్టుకున్నవాడి కుడి, చూసేవాళ్లకి ఎడమ. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే. పదిహేడేళ్లుగా పలకలు గీస్తున్నదాన్ని, కెప్టెన్ ఆర్నాట్ పలక దగ్గర ఆ పాఠమే మరిచాను. చిన్నప్పుడు నన్ను పడవెక్కించిన మనిషి. ఓడ మునిగింది, శవమైనా దొరకలేదు. ఏడుస్తూ రంగు పూశాను.

పలక ఎక్కిన పదకొండో రోజున చేపలమ్మే ఎఫీ నన్ను బజార్లో ఆపింది.

"ఏమే మేరియన్, గ్రిజెల్ అమ్మగార్ని చంపేశావటగా! కెప్టెనేమో బతికున్నాడట!"

ఎఫీ నవ్వుతూనే ఉంది. నిచ్చెన, రంగులు తీసుకుని పరుగెత్తాను.

కెప్టెన్ భార్య గ్రిజెల్ తలుపు తీసింది. మనిషి సగమైపోయింది. లోపల పొయ్యి వెలిగించిన జాడ లేదు. బల్ల మీద ఒక్కటే పళ్లెం, అదీ కెప్టెన్ కుర్చీ ముందు.

"పలక ముట్టుకోకు," అంది. "దాని ప్రకారం ఆయన బతికే ఉన్నాడు. ఆ బొమ్మలో ఓడ చూడు, తెరచాప చుట్టేసి ఉంది. రేవు చేరాకే కదా చాప చుట్టేది?"

"అది ఆయన తాతల నాటి బొమ్మ అమ్మగారూ. తప్పు నాది, దిద్దేస్తాను."

"పొద్దున మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు విన్నాను. పిలిస్తే బదులివ్వడు. ఎందుకో తెలుసా? చచ్చినవాళ్ల పిలుపు బతికున్నవాళ్లకి వినబడదు."

భయమేసింది. నా చేతి మీద నాకే అసహ్యం వేసింది. నిచ్చెనెక్కి కెప్టెన్ వైపు నల్లరంగు పూయడం మొదలుపెట్టాను. ఆమె కింద నుంచి నిచ్చెన ఊపింది. "హంతకురాలా, ఆయన్ని మళ్లీ చంపుతున్నావే!" అని అరిచింది. చివరి తెలుపు కూడా పోయాక కేకలు ఆగాయి. గుమ్మంలో కూలబడి, ఆయన పోయాక మొదటిసారి, వెక్కివెక్కి ఏడ్చింది.

చాలాసేపటికి తలెత్తి చూసింది. పలకకి రెండు వైపులా నలుపే.

"ఇప్పుడు సరిపోయింది," అంది నెమ్మదిగా. "ఇద్దరం ఒక్కచోటే ఉన్నాం. ఇక దిగమ్మా."

నేను దిగలేదు. తెల్లరంగు డబ్బా మూత తీశాను.