నాయినలకు ఫోన్

నలుగురు ఓనర్లలో ఎవరికి చక్కెర వద్దో మహతికి తెలుసు. గ్లాసులు వేరువేరుగా కలిపి ట్రేలో పెడుతుంటే ముందుగదిలో మాటలు వినిపిస్తున్నాయి. మాట్లాడుతున్నది ఫుట్‌బాల్ లీగ్ గురించి. లీగ్ కమిషనర్ ఆమె, మీటింగ్ పిలిచిందీ ఆమే. "పొద్దుగూకినంక ఆడిదానికి ఆఫీసుల ఏం పని? ఇంటికే రమ్మను" అన్నది అత్త నిర్మలమ్మ. అందుకని టీ కూడా ఆమే పెట్టాలి.

నాలుగు టీములు, జీతానికి ఆడే అమ్మాయిలు, ఆదివారం ఆదివారం మ్యాచ్. మెదక్‌లో ఇది నడుస్తుందని నాలుగేళ్ల కింద ఎవరూ నమ్మలేదు. నర్సాపూర్, తూప్రాన్, మనోహరాబాద్ తిరిగి, ఇండ్లలో చాప మీద కూర్చుని, "మీ బిడ్డ నా బిడ్డ లెక్క, జిమ్మేదారి నాది" అని తండ్రులకు మాటిచ్చి అమ్మాయిలను తెచ్చింది మహతి. ప్రతి తండ్రి నంబరూ ఆమె ఫోన్‌లోనే ఉంది. ఆమె భర్త ప్రభాకర్‌కు రైస్‌మిల్లు, మెదక్ టీం ఉన్నాయి.

పోయిన నెల ఆటలో ఆశా అనే అమ్మాయికి మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌తో తమకు సంబంధం లేదన్నారు ఓనర్లు. ఆడని నెలకు జీతం కూడా లేదన్నారు. దాంతో నాలుగు టీముల అమ్మాయిలూ ఆట బంద్ పెట్టారు. దెబ్బ తగిలితే దవాఖాన ఖర్చు లీగ్ పెట్టుకోవాలి, ఒప్పుకునేదాకా బూట్లు వేసుకోం అన్నారు. రేపు ఆదివారం. రేపు మ్యాచ్ జరగకపోతే స్పాన్సర్ చేస్తున్న విత్తనాల కంపెనీ తప్పుకుంటుంది. అది పోతే లీగ్ లేదు.

పొద్దున అమ్మాయిల హాస్టల్‌కు వెళ్లి మహతి ఇదంతా చెప్పింది. చెప్పి చెప్పి, "మనమంత ఒక్కింటోళ్లం. ఇంట్ల ఎవరన్న గిట్ల లెక్కలు తీస్తరా?" అంది. ఆ మాట తనది కాదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. లీగ్ పనికి తనకూ ఏమైనా ఇవ్వమని ఒకసారి అడిగితే ప్రభాకర్ ఇదే అన్నాడు. "మనింట్ల మనకు జీతమేంది? నీ ఇష్టానికి చేస్తున్నవు గదా." ఆ మాటకు జవాబు ఇవాళ మెదక్ టీం కెప్టెన్ రెబెకా చెప్పింది. "ఒక్కింటోళ్లమైతే ఆశాను ఇంట్ల ఎవరు దవాఖానకు తీస్కపోతరు మేడం?" వెనక నుంచి ఎవరో, "ముందుగాల ఆ ఇంటి గోల్‌పోస్టుకు వల కట్టియ్యుండ్రి" అన్నారు. అందరూ నవ్వారు. మహతి కూడా నవ్వింది.

ట్రే తెచ్చి బల్ల మీద పెట్టేసరికి లోపల నిర్ణయం అయిపోయింది.

"సమ్మె గిమ్మె ఏం లేదు," అన్నాడు ప్రభాకర్. "వాళ్ల నాయినలకు ఫోన్ చెయ్. మీ పోరీలు ఆడ్తలేరు, హాస్టల్ల ఉత్తగ ఉంటున్నరు, రాత్రి ఎటు పోతున్నరో మాకు తెల్వదు అను. పొద్దుగాల్ల అందరు గ్రౌండ్ల ఉంటరు."

"ఫస్టు ఆ రెబెకా నాయిన యోసేపుకు కొట్టు వదినా," అన్నాడు తూప్రాన్ ఓనర్. "కెప్టెన్ వంగితే అందరు వంగుతరు."

అది పనిచేస్తుందని మహతికి తెలుసు. తండ్రులు ఈ రాత్రే బండ్లు తీస్తారు. కొందరు కూతుళ్లను తిట్టి గ్రౌండ్‌కు పంపుతారు. కొందరు ఇంటికి తీసుకుపోయి మళ్లీ ఎప్పటికీ పంపరు. లీగ్ మాత్రం బతుకుతుంది. ఆమె చేతుల మీద మొదలైంది, ఆమె చేతులతో చేసిన ఫోన్ల మీద బతుకుతుంది.

"నేను చెయ్య," అంది. "గా మాట అబద్ధం."

ప్రభాకర్ కోపపడలేదు. తన ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

"మామా, మంచిగున్నరా? ఏం లేదు, మీ బిడ్డ జర మాట ఇంటలేదు. చెప్పుండ్రి."

ఫోన్ ఆమె వైపు చాచాడు. మహతికి నలభై నాలుగేళ్లు. మిగతా ఓనర్లు ముగ్గురూ గ్లాసుల్లోకి చూస్తున్నారు.

"ఏమైంది బిడ్డా?" అన్నాడు నర్సాపూర్ నుంచి మహతి తండ్రి. "నలుగుర్ల అల్లుని ఇజ్జత్ తియ్యకు. చెప్పినట్టు ఇను."

"సరే నాయినా. నువ్వు మందులేసుకొని పండుకో."

ఫోన్ తిరిగి ఇచ్చేసింది. "అయిపాయె," అన్నాడు ప్రభాకర్ మిగతావాళ్లతో.

మ్యాచ్ గానీ సీజన్ గానీ రద్దు చేసే అధికారం కమిషనర్ ఒక్కరిదే. నాలుగేళ్లలో వానకు కూడా ఆమె దాన్ని వాడలేదు. తన ఫోన్ తీసి, రెఫరీలు, ఆటగాళ్లు, ఓనర్లు, స్పాన్సర్ అందరూ ఉన్న గ్రూపులో రాసింది: రేపటి మ్యాచ్ రద్దు. సీజన్ రద్దు. గదిలో నాలుగు ఫోన్లు ఒకదాని వెనక ఒకటి మోగాయి. ప్రభాకర్ చదివి లేచి నిలబడ్డాడు. ఏదో అన్నాడు. ఆమె వాకిట్లోకి నడిచింది.

రెబెకా ఫోన్ చేసింది. వెనక అమ్మాయిలు ఈలలు వేస్తున్నారు.

"మేడం, మేం గెలిసినమా?"

"లేదు బిడ్డా," అంది మహతి. "మీ నాయినలకు ఫోన్ పోలేదు. గంతే."