గొంతుకు మచ్చు

గోడకు రంగు వేయాలంటే మేస్త్రి ముందు తలుపు వెనకాల అరచేయంత పూసి చూసేవాడు. ఆరాక ఒకసారి, మబ్బు పట్టినప్పుడొకసారి, లైటు వెలుగులో ఒకసారి చూసుకుంటే గానీ పెద్ద డబ్బా మూత తీసేవాడు కాదు. ఇంటివాళ్లు తొందరపెడితే, "గోడంతా అయ్యాక బాగాలేదంటే మీరూ నేనూ కలిసి నాకుతామా?" అనేవాడు. అందుకని అందరికీ ఆయన మచ్చు మేస్త్రి అయిపోయాడు. అసలు పేరు ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

"పెళ్లానికి కూడా మచ్చు చూశావా మేస్త్రీ?" అని తోటి పనివాళ్లు ఆటపట్టించేవారు.

"అదొక్కటే చూడకుండా ఒప్పుకున్నా," అనేవాడు.

"చూసుకునే వీలు నాకిచ్చుంటే ఈపాటికి ఈయన తలుపు వెనకాలే ఉండేవాడు," అనేది ఆయన భార్య లోపల్నుంచి. నోట్లో మాట ఉంచుకునే రకం కాదు ఆవిడ. ఆయనా అంతే. ఆ ఇంట్లో పొద్దున లేస్తే ఇద్దరి గొంతులూ వీధి చివరిదాకా వినపడేవి.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. మొదట బొంగురు. రంగు ఘాటుకనుకుంది ఆవిడ. తర్వాత మింగుడు పడటం కష్టమైంది. డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూసి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. గొంతుపెట్టె మొత్తం తీసేయాలి. మెడకు చిన్న రంధ్రం పెడతారు, ఇకమీదట ఊపిరి అందులోంచే. మనిషి బతుకుతాడు. మాట మాత్రం రాదు. ఆపరేషన్ వచ్చే వారం పెట్టుకుందామన్నాడు. ఈలోగా ఊపిరి అందకపోతే మాత్రం ఆగకుండా తీసుకురమ్మన్నాడు.

ఇంటికొచ్చాక ఆవిడ వంటింట్లో కొళాయి తిప్పుకుని ఏడ్చింది. ఆయన గుమ్మంలో నిలబడి, "నీళ్లన్నీ పోతున్నాయి, కొళాయి కట్టేసి ఏడువు," అన్నాడు.

కూతురు వేరే ఊళ్లో మందుల కంపెనీలో పనిచేస్తుంది. సంగతి వినగానే సెలవు పెట్టేసింది. "నాన్న గొంతుండగానే వచ్చేస్తానమ్మా. ఆపరేషన్ దాకా పక్కనే కూర్చుని ఆయన చేత మాట్లాడించుకుంటా. తిట్టినా సరే, కడుపు నిండా వింటా," అంది.

రేపు కూతురు వస్తుందనగా మేస్త్రికి ఆలోచన వచ్చింది. ఆయన రాయగలడు గానీ ఆవిడకు చదవడం రాదు. మరి మాట పోయాక ఎలా? స్టీలు కంచం మీద చెంచాతో కొట్టాలని అనుకున్నారు. ఒక దెబ్బ అవును. రెండు దెబ్బలు కాదు. గీకితే దాహం. ఆగకుండా వాయిస్తే ఊపిరాడటం లేదు, పరుగెత్తి రా అని.

"అనుకుంటే చాలదు," అన్నాడు మేస్త్రి. "ఒక పూట మచ్చు చూడాలి. రేపు అమ్మాయొస్తే నాకు నోరు మూతపడదు. ఇవాళే ఖాళీ."

"ఉన్న నాలుగు రోజులూ మాట్లాడకుండా ఇదేం పిచ్చండీ?"

"గోడంతా వేసేశాక లోపం కనపడితే ఎవరిని అడుగుతావే? పొద్దుగూకేదాకా పలకను. నువ్వేమన్నా సరే. నోరు తెరిచానంటే మచ్చు చెడిపోతుంది." అలా అని ఇటూ అటూ చూసి, "నా తువ్వాలు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు. ఆవిడ తెచ్చి చేతికిచ్చింది. అంతే, కుర్చీలో కూర్చుని కంచం ఒళ్లో పెట్టుకుని చెంచాతో ఒకసారి టంగుమనిపించాడు.

మొదట్లో నవ్వులాటగానే ఉంది. ఆవిడ ఊరుకుంటుందా? ఎలాగైనా నోరు తెరిపించాలని పంతం పట్టింది. "మీ చెల్లెలంత బాగా నేనెక్కడ వండుతాలెండి" అంటే రెండు దెబ్బలు. "పోయిన నెల డాబా ఇంటి వంకాయ రంగు తేలిపోయిందటగా" అంటే రెండు దెబ్బలు, కంచం సొట్టపోయేంత గట్టిగా. "కట్టుకున్నాక మీరు నోరు మూసుకుని కూర్చోవడం ఇదే మొదలు, ఇల్లు ఇల్లులా ఉంది," అంటే ఆయన కంచం అడ్డం పెట్టుకుని నవ్వాడు. చప్పుడు లేకుండా.

లోపాలూ బయటపడ్డాయి. కొళాయి పారుతుంటే ఆవిడకు వినపడలేదు. చిన్న కంచం మార్చి పెద్ద పళ్లెం తీసుకున్నారు. నొప్పి అని చెప్పడానికి ఏమీ పెట్టుకోలేదని తెలిసింది. చెంచాను పళ్లెం అంచున ఆనించి సన్నగా గజగజలాడించాలని ఖాయం చేసుకున్నారు. మేస్త్రి కళ్లతోనే అన్నాడు, చూశావా, మచ్చు ఎందుకంటానో.

కూతురు ఫోన్ చేసింది. "బట్టలు సర్దుకుంటున్నానమ్మా. నాన్నకివ్వు."

"నాన్న ఇవాళ మూగాయన. మచ్చు చూస్తున్నాం. రేపొచ్చాక మాట్లాడుకోవే, ఎంతసేపూ నీతోనేగా."

"ఒక్క ముక్కమ్మా."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఇవ్వనా అన్నట్టు ఫోన్ చాపింది. మేస్త్రి తల అడ్డంగా ఊపి, పళ్లెం ఫోన్ దగ్గరికి తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు. అవతల కూతురు పగలబడి నవ్వింది. "సరే నాన్నా, అలాగే," అని పెట్టేసింది.

పరుగెత్తి రా అనే మోత మీద ఆయనకు అన్నిటికన్నా అనుమానం. అది తప్పితే ప్రాణం మీదికొస్తుంది కదా. అందుకని పొద్దుటే ఒకసారి వాయించాడు. ఆవిడ పిండి చేతులతో వచ్చి పడింది. ఆయన బాగుందన్నట్టు తలూపాడు. మళ్లీ ఆవిడ స్నానంలో ఉండగా వాయించాడు. తడిబట్టలతో, జుట్టు నీళ్లు కారుతూ వచ్చింది. ఆయన కులాసాగా కూర్చుని ఉన్నాడు.

"గుండె ఆగిపోతుందండీ నాకు. ఇంకోసారి మచ్చుకని వాయించారంటే రానే రాను, చెప్తున్నా."

ఒక దెబ్బ వేశాడు.

మధ్యాహ్నం ఆవిడ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. గోడ అవతల పక్కింటావిడ నిలబడి, మేస్త్రి మౌనం కథ విని నవ్వుతోంది. అప్పుడు లోపల పళ్లెం మోగింది. ఆగకుండా.

"అదేంటక్కా?" అంది పక్కింటావిడ.

"మచ్చు. నేను వస్తానో రానో చూస్తున్నాడు. మోగనీ."

మోత సాగింది. ఆవిడ దుప్పటి పిండి తీగమీద వేసి, ముడతలు లాగి, క్లిప్పులు పెట్టింది. మోత ఆగింది. "చూశావా, విసుగొచ్చింది," అంది నవ్వుతూ. ఇంకో రెండు మాటలాడి, ఖాళీ బకెట్టు పట్టుకుని లోపలికి వెళ్లింది.

మేస్త్రి గుమ్మం దగ్గర బోర్లా పడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. పాకుతూ అంతదాకా వచ్చినట్టున్నాడు, ఒక చెయ్యి పెరటి వైపు చాచి ఉంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది గానీ గొంతులోంచి ఈల లాంటి చప్పుడు తప్ప ఏమీ రావడం లేదు. ఆవిడ కేక విని పక్కింటాయన వ్యాను తీశాడు. దారంతా ఆవిడ ఆయన తల ఒళ్లో పెట్టుకుని, "ఒక్క మాట అనండి, మచ్చు అయిపోయింది, ఇక అనండి," అంటూనే ఉంది.

ఆసుపత్రిలో తలుపు దగ్గర్నుంచే లోపలికి పట్టుకుపోయి మెడకు రంధ్రం పెట్టారు. పుండు వాచి దారి మూసుకుపోయిందన్నారు. ఇక వారం దాకా ఆగడానికి లేదని, తెల్లారాక గొంతుపెట్టె తీసేశారు. మనిషి దక్కాడు.

కూతురు సంచితో తిన్నగా ఆసుపత్రికే వచ్చింది. తండ్రి ముఖం వాచి, మెడ చుట్టూ కట్టుతో, ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్నాడు. ఆ పిల్ల మంచం పక్కన చాలాసేపు నిలబడింది. తర్వాత తల్లిని వరండాలోకి తీసుకెళ్లింది.

"ఫోన్ చెవి దగ్గర పెడితే ఏం పోయేదమ్మా?"

తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఒక్క ముక్కేగా అడిగాను. అల్లరి కాదుగా ఇది. మీ ఇద్దరికీ అన్నీ ఆటేనా?"

"రేపొస్తావు కదా అనుకున్నాం," అంది తల్లి.

"చివరికి ఏమన్నాడు? అదైనా చెప్పు."

తువ్వాలు సంగతి ఆవిడ నోటిదాకా వచ్చింది. ఇంకేదైనా కల్పించి చెబుదామా అనుకుంది. నీ పేరే తలచుకున్నాడని అంటే ఎవరు కాదంటారు? కానీ నోరు రాలేదు. "తువ్వాలు ఎక్కడని అడిగాడు," అంది. కూతురు గోడకు ఆనుకుని జారి కూర్చుంది. తల్లి కూడా పక్కనే కూర్చుంది. ఒకరినొకరు ముట్టుకోలేదు.

రోజులు గడిచి ఆయన చెయ్యి కదిలించగలిగాక ఇంటి నుంచి పళ్లెం తెచ్చి పక్కన పెట్టారు. అన్నీ సరిగ్గా పనిచేశాయి. ఒకటి అవును, రెండు కాదు. గీకితే ఆవిడ తడిగుడ్డతో పెదాలు తుడిచేది. నర్సు చూసి, "ఇంత పక్కాగా ఎవరూ ఏర్పాటు చేసుకుని రారమ్మా," అంది. పక్క మంచం వాళ్లకు కూడా ఒక గిన్నె ఇప్పించింది. ఆ గదిలో ఎవరు చెంచా పట్టుకున్నా ఆవిడకు ఒళ్లు జలదరించేది.

ఒకరోజు కూతురు మందుల కోసం కిందికి వెళ్లింది. మేస్త్రి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ మంచం అంచున కూర్చుంది.

"ఆ రోజు మీరు వాయించింది నాకు వినపడింది," అంది. "పెరట్లోనే ఉన్నా. మచ్చనుకున్నా."

ఆయన ఇటు తిరగకుండానే పళ్లెం కోసం చెయ్యి వెనక్కి చాపాడు. తర్వాత చెంచా ఒకసారి తగిలింది.

"తెలుసా మీకు?"

ఒకటి.

"నామీద కోపం వచ్చిందా?"

రెండు.

ఆవిడ ఆ రెండు దెబ్బల్నీ లోపల్లోపల మళ్లీ మళ్లీ విన్నది. ఆయన కాదు అంటే ఆవిడకు ఎన్ని అర్థాలో. సాగదీసి అంటే నిజంగా కాదు. తుంచేసి అంటే అవును గానీ ఇప్పుడొద్దు. ముక్కుతో అంటే బతిమాలించుకుంటున్నాడు. అన్నేళ్లూ గొంతు పట్టుకునే ఆయన్ని చదివింది. ఇప్పుడు స్టీలు మీద స్టీలు తగిలిన చప్పుడు. కోపమే ఉందో, జాలి పడ్డాడో, అలసిపోయి కొట్టాడో, ఏమీ చిక్కలేదు.

"నిజంగానా?" అంది.

ఒకటి.

"నాకోసం అంటున్నారా?"

మేస్త్రి చెంచా ఎత్తాడు. పళ్లెం మీద పట్టుకుని ఆగాడు. ఒకటి వేయాలో రెండు వేయాలో తేలనట్టు చెంచా గాల్లోనే ఉండిపోయింది. ఆవిడ చెవి పళ్లెం దగ్గరికి వంచింది, ఎంత నెమ్మదిగా కొట్టినా పట్టుకోవాలని.

కూతురు మందులు తీసుకుని వచ్చింది. "ఏమంటున్నాడమ్మా?"

ఆవిడ తలెత్తలేదు. "ఉండు," అంది. "ఇంకా అనలేదు."