ఖాళీ గడి

ఇద్దరు మనుషులు ఒకే పొరపాటును ఒకే తీరుగా చేస్తే, అది ఇంకా పొరపాటుగానే ఉంటుందా?

సీతారామాంజనేయులు ఈ ప్రశ్న వేసుకున్నది పుస్తకం ముందు కూర్చుని కాదు. బాలానగర్‌లో రేకుల కప్పు కింద, కార్డులకు చిల్లులు కొట్టే పదహారు పంచింగ్ మిషన్లు టకటకలాడే, తను అజమాయిషీ చేసే హాల్లో, చేతిలో ఒక అట్ట కార్డు పట్టుకుని నిలబడి వేసుకున్నాడు. డెబ్బై ఆరు మే నెల. బల్లకు అవతల ఒక ముసలి జంట నిలబడి ఉంది.

మగమనిషి పేరు ఐలయ్య. గోపన్‌పల్లికి ఇవతల, గుండ్ల మధ్య ఉన్న గుండ్లగూడెంలో రాళ్ళు కొట్టే పని. పక్కనున్నది భార్య చంద్రమ్మ. ఆ చుట్టుపక్కల నేల ఒక పెద్ద సంస్థ కోసం తీసుకుంటున్నారు. గూడెంలో ఉంటున్నట్టు తేలిన కుటుంబానికి వేరేచోట ఇంటి జాగా, ఇంట్లో ఒకరికి పని. ఉంటున్నారో లేదో తేల్చడానికి సర్వే జరిగింది, జాబితా అచ్చయి కచేరి గోడకు ఎక్కింది. అందులో ఐలయ్య ఇంటికి ఎదురుగా ‘ఎవరూ లేరు’ అని ఉంది. అభ్యంతరాలకు గడువు ఆ సాయంత్రం ఐదు గంటలు.

“కచేరిల అడిగితే, మేం రాసింది కాదు, మిషిని రాసింది, బాలానగర్ పోయి మిషిని వాళ్ళనే అడగుమన్నరు సారు,” అన్నాడు ఐలయ్య. “జర సూడుండ్రి. నేనైతే ఉన్న.”

“ఉన్నడని నేను జెప్తున్న గద,” అంది చంద్రమ్మ. “నలభై ఏండ్ల సంది వండి పెడుతున్న. లేడని ముందుగాల తెలిస్తే ఇన్ని రొట్టెలు గొట్టకపోదును.”

“సర్వే అతను వచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరా?” అన్నాడు ఆంజనేయులు.

“పొద్దుగాలనే బండల మీదికి పోతం సారు. ఆయన పదకొండు గొట్టంగ వచ్చిండంట. ఇల్లు మూసుంటే పోయిండంట.”

“తాళం చూసి వెళ్ళిపోయాడేమో.”

“తాళం ఏడిది, మా ఇంటికి తడక,” అంది చంద్రమ్మ. “అది తీసి లోపలికి తొంగి జూసినా కుండల సద్ది కనపడుతుండె.”

ఆంజనేయులు ఆ ఇంటి కార్డు తీయించాడు. ముప్పై ఒకటో గడిలో చిల్లు రెండు మీద పడింది. ఒకటి అంటే ఉన్నారు, రెండు అంటే లేరు. కార్డు కుడి అంచున చిన్న గంటు ఉంది. అది సరిచూసిన కార్డుకు మిషను పెట్టే గుర్తు. ఒకరు ఫారం చూసి చిల్లులు కొడతారు. రెండోవారు అదే ఫారం చూసి అవే మీటలు మళ్ళీ నొక్కుతారు. ఇద్దరి చేతులూ ఏకీభవిస్తే మిషను గంటు పెడుతుంది, లేకపోతే ఎర్రదీపం వెలిగించి ఆగిపోతుంది. మనుషులు మాటల్లో చెప్పింది అంకె అవుతుంది, అంకె చిల్లవుతుంది, చిల్లును మరో మిషను చదివి ఇంగ్లీషు మాటగా అచ్చు వేస్తుంది. అలా తిరిగి వచ్చిన మాటను చెప్పినవాడే చదవలేడు.

తర్వాత అసలు ఫారం తీశాడు. ముప్పై ఒకటో గడి ఖాళీగా ఉంది. అంచున పెన్సిలుతో ‘మళ్ళీ వచ్చి చూడాలి’ అని రాసి ఉంది.

సర్వేయరు అబద్ధం రాయలేదు. తాను చూడనిదాన్ని చూశానని చెప్పలేదు. కానీ అంచున రాసినదానికి కార్డులో చోటు లేదు.

చిల్లు కొట్టింది వీరలక్ష్మి, సరిచూసింది నాగేశ్వరి. ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చునే తాత్కాలిక ఉద్యోగినులు, కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల వాళ్ళు. ఆంజనేయులు వాళ్ళను బల్ల దగ్గరికి పిలిచాడు.

“ఖాళీ గడికి రెండు ఎలా వచ్చింది? అదీ ఇద్దరికీ ఒకేలా?”

వీరలక్ష్మి నేల చూసింది. నాగేశ్వరి తల దించకుండా చెప్పింది.

“ఖాళీ వదిలితే మిషను గదివాళ్ళు కట్టంతా వెనక్కి పంపేస్తున్నారండీ. నేనొకటీ తనొకటీ కొడితే ఎర్రదీపం. రోజుకు ఇన్ని కార్డులని మీరే బోర్డు మీద రాస్తారు. అందుకని ముందే మాట అనుకుని కొడతాం.”

“మాట అనుకుంటే ఇక సరిచూడటం ఎందుకు?”

“అది మమ్మల్ని అడుగుతున్నారా అండీ?” అంది నాగేశ్వరి మెల్లగా. “రెండు వేయమని చెప్పింది మీరే. ఫిబ్రవరిలో. నేనే వచ్చి అడిగాను. మీరు పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు.”

హాల్లో మిషన్లు మోగుతూనే ఉన్నాయి. ఆంజనేయులుకు గుర్తు రాలేదు. తర్వాత గుర్తు వచ్చింది. ఆమె గొంతు కాదు, ఆ రోజు చదువుతున్న పుట గుర్తు వచ్చింది. అభావాన్ని, అంటే లేకపోవడాన్ని గురించిన పుట. నేల మీద కుండ లేదని తెలియాలంటే ముందు ఆ నేలను చూడాలి. కన్ను అక్కడికి పోకుండా ‘లేదు’ అనడానికి ఎవరికీ అధికారం లేదు. ఆ వాక్యం కింద గీత కూడా గీసుకున్నాడు. గీత గీస్తూనే, అడ్డొచ్చిన గొంతుకు ‘రెండు వేయండి’ అన్నాడు.

తెలియకపోవడానికీ లేకపోవడానికీ మధ్య ఉన్న దూరం గురించి అతను పదేళ్ళు చదివాడు. దాన్ని చెరిపివేయడానికి రెండు మాటలు పట్టాయి.

గుండ్లగూడెం కట్ట మొత్తం తిరగేశాడు. ఖాళీ గడులు నలభై మూడు. పగలు పనికి పోయే ఇళ్ళన్నీ అవే. ఇంట్లో కూర్చునే తీరిక ఉన్నవాళ్ళు మాత్రమే ఆ గూడెంలో నివాసులుగా తేలారు.

పై అధికారి కామేశ్వరరావు గదిలో పంకా కింద టీ తాగుతున్నాడు. ఆంజనేయులు చెప్పిందంతా ఓపికగా విన్నాడు.

“ఎన్నన్నారు? నలభై మూడా? లక్ష కార్డుల్లో నలభై మూడంటే మనం ఒకరికొకరం శాలువాలు కప్పుకోవాలండీ.”

“ఒక్క గూడెంలోనే నలభై మూడండీ. మిగతా ఊళ్ళు ఇంకా చూడలేదు.”

“చూడకండి.” కప్పు కింద పెట్టాడు. “జాబితా వెళ్ళిపోయింది. ఇప్పుడు ఇది తప్పంటే అన్నీ తప్పంటారు. ఆంజనేయులుగారూ, నిజం కనుక్కోవడానికి మనం ఈ మిషను తెచ్చుకోలేదు. వాదన ఆపడానికి తెచ్చుకున్నాం. ఊరి లెక్కల పట్వారీ రాస్తే లంచం తిన్నాడనేవారు. దీన్ని ఆ మాట ఎవడంటాడు?”

“అది మనం చెప్పిందే చెబుతుంది కదండీ.”

“అందుకేగా మనకు జీతాలు.” కామేశ్వరరావు తనలో తాను నవ్వుకున్నాడు. “మీరు కాగితం రాస్తే అది ముందు ఆ ఆడపిల్లలిద్దరి మీద పడుతుంది. తాత్కాలికం వాళ్ళు. తర్వాత మీ మీద. రాసినా నేను తీసుకోను. ఆ ముసలివాడికి నచ్చచెప్పి పంపండి. తత్వం చదువుకున్నారు, ఆ మాత్రం చెప్పలేరా?”

ఆంజనేయులు వరండాలోకి వచ్చాడు. గోడ నీడ సన్నగా అయిపోయింది. ఆ కాస్త నీడలో ఐలయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. చంద్రమ్మ మూట విప్పి రొట్టె తుంచుతోంది.

“ఏమన్నది సారు మిషిని?” అంది ఆమె. “ఈయన పుట్టిండంటనా, ఇంకా లేదంటనా?”

ఏం చెప్పాలి? మిషను ఏమీ అనలేదని, అన్నవాడిని నేనేనని చెప్పాలి. ఇన్నాళ్ళూ పుస్తకాల్లో వెతికింది ఇలాంటి ఒక్క వాక్యం కోసమేనేమో. తీరా దొరికాక అది నోటికి చేదుగా ఉంది. ఇంకో సంగతి కూడా తోచింది. ఆఫీసుకు రాసే కాగితం ఆఫీసులోనే ఉండిపోతుంది. దానికీ ఒక గడి దొరుకుతుంది, ఖాళీగా.

గోడ గడియారంలో రెండూ ఇరవై.

బల్ల దగ్గరికి వెళ్ళి, కచేరిలో అభ్యంతరంగా ఇవ్వడానికి ఒక తెల్లకాగితం తీసుకున్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మొదటి పంక్తి కొట్టివేసి, తెలుగులో రాశాడు. ముప్పై ఒకటో గడి ఖాళీగా ఉన్న నలభై మూడు ఇళ్ళలో మనుషులు లేరని సర్వేయరు రాయలేదు. ఆ మాట వేయించింది నేను. ఇద్దరు ఉద్యోగినులు నా ఉత్తర్వు ప్రకారమే చేశారు, వారి తప్పు ఏమీ లేదు. నేను ఆ ఇళ్ళను చూడలేదు. కింద నలభై మూడు ఇళ్ళ నంబర్లూ వరసగా వేసి, పూర్తి పేరుతో సంతకం చేశాడు.

నాగేశ్వరి తన కుర్చీలోంచి చూస్తూ ఉంది. కాగితం ఆమె ముందు పెట్టాడు. ఆమె చివరిదాకా చదివి, నంబర్ల మీద వేలు పెట్టి ఫారాల కట్టతో ఒక్కొక్కటే పోల్చింది.

“ఇరవై తొమ్మిదోది తప్పు వేశారండీ,” అంది. “నూట పదహారు కాదు, నూట అరవై.”

ఆమె ఇంతకుముందు ఎన్నడూ అలా సరిచూసి ఉండదు. అతను దిద్దుకుని, పక్కన మళ్ళీ సంతకం చేశాడు. సెలవు చీటీ రాయకుండానే హాల్లోంచి బయటికి నడిచాడు.

వరండాలో నిలబడి కాగితం మొత్తం ఐలయ్యకు చదివి వినిపించాడు. ఐలయ్య కాగితం మీది సంతకాన్ని వేలితో తాకి చూశాడు.

“అంటే మీరేనా సారు లేమన్నది?”

“నేనే.”

“మా మొఖం సూడకుండనే?”

“చూడకుండానే.”

“దీనితోని అయితదా పని?”

“కాకపోవచ్చు.”

చంద్రమ్మ మిగిలిన రొట్టె మూటగట్టింది. ఆమె ఈసారి హాస్యమాడలేదు.

“లేవండి,” అన్నాడు ఆంజనేయులు. “ఐదింటికి కచేరి మూస్తారు. నేనూ వస్తున్నాను.”

గేటు దాటేసరికి సిటీ బస్సు కదలబోతోంది. చెయ్యెత్తి ఆపి, ముందు వాళ్ళిద్దరినీ ఎక్కించి, తర్వాత తను ఎక్కాడు. కండక్టరు ముగ్గురి ముఖాలూ చూసి, మూడు టికెట్లకు చిల్లులు కొట్టి ఇచ్చాడు.